చెసిల్ ఒడ్డు నుంచి తేలిక రాడ్‌తో గర్నార్డ్ పట్టడం ఎలా?

దివిసీమ కాలువ:

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్‌లో ఉంటున్నాను. చెసిల్ బీచ్ మా ఇంటి నుంచి కారులో అరగంట ప్రయాణం. ఈ వేసవిలో అయిదు సార్లు వెళ్లాను. ఒక్క గర్నార్డ్ చేప కూడా పడలేదు. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా దారి చెబుతారని రాస్తున్నాను.

ముందు నాకు ఏమి తెలుసో, ఏమి తెలియదో చెబుతాను. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్నతో కాలువ గట్టు మీద కూర్చునేవాణ్ణి. వెదురు గెడ, నెమలి ఈక కాడతో చేసిన బెండు, వానపాము ఎర. జెల్లలు, పరిగెలు, అదృష్టం బాగుంటే ఒక కొరమీను. బెండు మునిగితే లాగాలి. చేప వచ్చిందో లేదో కంటికి కనిపించేది. బెండు లేకుండా, ప్రాణం లేని రబ్బరు ముక్కతోనో లోహపు బిళ్లతోనో చేప పట్టవచ్చని ఇక్కడికి వచ్చాకే చూశాను. రెండేళ్ల క్రితం ఏడున్నర అడుగుల తేలిక రాడ్ ఒకటి కొన్నాను. 3 నుంచి 15 గ్రాముల దాకా విసరగలదు. చిన్న రీలు, సన్నటి బ్రెయిడ్ దారం.

జూలై చివరి ఆదివారం నా పక్కన ఒక పెద్దాయన నాలాంటి రాడ్‌తోనే ఒక ఎర్రటి గర్నార్డ్‌ను పైకి తెచ్చాడు. రాళ్ల మీదికి రాగానే అది గుర్రుమని అరిచింది. తల మీద ఎముకల కవచం. పక్క రెక్కలు విప్పితే వాటి అంచున నెమలి కంఠపు నీలం. ఆ రెక్కల ముందు అటు మూడు, ఇటు మూడు వేళ్లలాంటివి వేరుగా కదులుతున్నాయి. రాళ్ల మీద నడుస్తుందేమో అనిపించింది. ఇన్నేళ్లుగా చేపలు చూస్తున్నాను, ఇంత అందమైనది చూడలేదు. ఆయన దాన్ని తిరిగి నీళ్లలో వదిలేసి, నా ప్రశ్నకు రెండే మాటలు చెప్పాడు. అడుగున, నెమ్మదిగా. తరువాత సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

నేను చేసేది ఇది. 10 గ్రాముల లోహపు బిళ్ల (జిగ్) విసురుతాను, కొంచెం మునగనిచ్చి గబగబా చుట్టేస్తాను. మాకెరల్ పడుతుంది, ఆనందంగానే ఉంటుంది. అడుగుకు దించుదామని ప్రయత్నించిన ప్రతిసారీ అది అడుగుకు చేరిందో లేదో తెలియదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి గులకరాళ్ల వాలులో ఇరుక్కుంటుంది. మూడు జిగ్‌లు అలా పోయాయి. ఎంత బరువు కట్టాలి? అడుగు తగిలిందని ఎలా తెలుస్తుంది? ఏ ల్యూర్ (బొమ్మ ఎర) మంచిది? పడితే దాన్ని ఏ చేత్తో ఎలా పట్టుకోవాలి? ఆ తల మీద ముళ్లు చూస్తే భయం వేసింది.

భీమిలి ఒడ్డు:

తమ్ముడూ, ఆ పెద్దాయన నీకు చెప్పవలసినదంతా చెప్పి వెళ్లాడు. దాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో నేను రాస్తాను. ఉత్తర వేల్స్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను, ఈ చేప మీద నాకు చాలా ప్రేమ.

నీకు పడుతున్న మాకెరల్ మన కనగుర్తకు చుట్టం. అది నడి నీళ్లలో పరుగెత్తే చేప, వేగంగా పోయేదాన్ని తరుముతుంది. గర్నార్డ్ కాపురమంతా అడుగున, ఇసుక మీద. రొయ్య, చిన్న పీత, ఇసుకలో దూరే సన్నటి చేపలు దాని తిండి. నువ్వు చూసిన ఆ ఆరు వేళ్లూ రెక్క నుంచి విడిపోయిన కాడలే. వాటితో అది అడుగు మీద నడుస్తుంది, తడుముతుంది, రుచి చూస్తుంది. 2024లో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అమెరికా తూర్పు తీరంలో దీని చుట్టమైన సీ రాబిన్ మీద చేసిన పరిశోధన ప్రచురించారు. ఒక జాతి కాళ్ల మీద మన నాలుక మీద ఉండేలాంటి బుడిపెలు ఉన్నాయనీ, ఇసుకలో పాతిపెట్టిన తిండిని కూడా అది కాళ్లతోనే కనిపెట్టి తవ్వి తీస్తుందనీ తేలింది. అది చదివిన రోజు నుంచి నా రబ్బరు పురుగులన్నిటినీ రొయ్యల వాసన పట్టించి వాడుతున్నాను. నడి నీళ్లలో దూసుకుపోయే ల్యూర్ ఆ కాళ్లకు ఎప్పటికీ అందదు.

ఇప్పుడు బరువు. చెసిల్‌లో ఒడ్డుకు దగ్గరలోనే లోతు ఉంటుంది, దానికి తోడు నీరు ఒడ్డు వెంబడి పక్కకు పారుతుంది. 10 గ్రాములు కిందికి చేరేలోపే ఆ పారుదల నీ దారాన్ని విల్లులా వంచేస్తుంది. దారం వంగిందంటే నీ వేలికీ ల్యూర్‌కూ సంబంధం తెగినట్టే. 18 నుంచి 25 గ్రాములు కట్టు. నీ రాడ్ అంత బరువును విసరడానికి చాలదు, బలవంతం చేస్తే విరుగుతుంది. 7 నుంచి 28 గ్రాముల రాడ్ ఒకటి సంపాదించు, అదీ తేలిక సామాను కిందికే వస్తుంది. దారం మాత్రం సన్నగానే ఉంచు. దాని చివర ఎనిమిది పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలం కట్టే చివరి దారం ముక్క) ఒక బార పొడవున ముడి వేస్తే చాలు.

అడుగు ఎలా తెలుస్తుందని అడిగావు. అసలు విద్య అక్కడే ఉంది. మా మేనమామ భీమిలిలో తెప్ప మీద చేతి గాలంతో వేటాడేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు తాడును నా చూపుడు వేలి మీద పెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. గుండు అడుగు తాకినప్పుడు తాడు ఒక్క క్షణం బరువు లేకుండా పోతుంది. ఆ క్షణాన్ని పట్టుకోవడం వస్తే మిగతాదంతా వస్తుందని చెప్పాడు. వేల్స్‌లో రీలు పట్టుకున్నా నేను చేసేది అదే. విసిరాక రీలు మూసేసి, దారాన్ని చూపుడు వేలి మీదికి తీసుకుంటాను. బిగువుగా దిగనిస్తూ మనసులో లెక్కపెడతాను. ఒకచోట ఇరవై రెండుకు అడుగు తగిలిందనుకో, మరుసటి విసురుకు పద్దెనిమిదికే తగిలితే అక్కడ మెట్ట ఉందన్నమాట. పది విసుర్లు ఇలా వేస్తే కనబడని నేల నీకు ఊరి పొలంలా తెలిసిపోతుంది.

తరువాత ఈడ్చి చూడు. దారంలో కటకటమని వస్తే రాయి. మెత్తగా, కొంచెం బరువుగా జారితే ఇసుక. కాసేపు కటకటలాడి ఒక్కసారిగా మెత్తబడిన చోట ఉంది చూశావూ, అక్కడ ఆగు. రాయి అయిపోయి ఇసుక మొదలయ్యే అంచునే నాకు ఎక్కువ చేపలు పడ్డాయి.

నా కట్టు ఇది. ముప్పావు ఔన్సు (దాదాపు 21 గ్రాముల) సీసపు గుండు దారం మీద జారేటట్టు ఎక్కిస్తాను, దాని కింద గాజు పూస, ఆ కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కడియం), అక్కడి నుంచి రెండు జానల లీడర్, చివర ఒంటి గాలానికి రెండున్నర అంగుళాల రబ్బరు పురుగో చిన్న తోక చేపో. రాడ్‌ను పక్కకు, నేలకు సమాంతరంగా పట్టుకుని అరమీటరు ఈడుస్తాను. గుండు ఇసుకను రేపుతుంది, పూసకు తగిలి టక్కుమంటుంది. ఆ దుమ్ము చూసి గర్నార్డ్ వస్తుంది, ఎవరో తవ్వుతున్నారనుకుంటుంది కాబోలు. అప్పుడు ఆగి అయిదు, ఒక్కోసారి పది దాకా లెక్కపెడతాను. ఈ ఆగడం దగ్గరే చాలామంది ఓపిక చాలక చుట్టేస్తారు.

నా మొదటి గర్నార్డ్ అలా ఆగినప్పుడే పడింది. హోలీహెడ్‌లో సముద్రానికి అడ్డంగా కట్టిన పెద్ద గోడ ఉంది, 1848లో మొదలుపెట్టి 1873లో పూర్తి చేశారు, పొడవు 2.7 కిలోమీటర్లు. దాని మీద ఒక మైలు నడిచి కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఏమీ లేదు. రాడ్‌ను మోకాళ్ల మధ్య పెట్టి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాను. ల్యూర్ అడుగున ఊరికే పడి ఉంది. వేలి మీద టిక్, టిక్ అని రెండు పొడుపులు, తరువాత తడిగుడ్డ తగిలించినట్టు బరువు. చుట్టాను. బూడిద రంగు గర్నార్డ్, జానెడు. గోడ పైకి వచ్చేదాకా గునుగుతూనే ఉంది. గాలి తిత్తికి అంటుకున్న కండరాలను ఆడించి ఆ శబ్దం చేస్తుంది. గర్నార్డ్ అన్న పేరు కూడా గునగడం అన్న అర్థం గల పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే.

ఆ పొడుపులు తగలగానే కర్రను ఎగలాగవద్దు. కాలువలో బెండు మునిగితే లాగిన అలవాటు నీ చేతిలో ఉంటుంది, నా చేతిలోనూ ఉండేది, దాన్ని వదిలించుకోవడానికి ఒక వేసవి పట్టింది. అది ముందు ల్యూర్‌ను పొడిచి చూస్తుంది. బరువు తెలిసేదాకా ఉండి, అప్పుడు నెమ్మదిగా చుట్టు.

నీ జిగ్‌లు ఇరుక్కోవడానికి కారణం కింద ఉన్న మూడు ముల్లుల గాలం. అది తీసేసి పైకొసకు ఒంటి గాలం కట్టు. ఒడ్డు ఇరవై గజాల్లోకి రాగానే రాడ్ పైకెత్తి వేగంగా చుట్టేయి. అక్కడ నీకు కావలసిన చేప ఎలాగూ ఉండదు.

కాకినాడ రేవు:

భీమిలి అన్నయ్య గాలం సంగతి చెప్పారు. చేతుల సంగతి నేను చెబుతాను. కార్న్‌వాల్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, సెలవు రోజుల్లో మా వారితో కలిసి ఒడ్డు నుంచి గాలం వేస్తాను.

గర్నార్డ్ ముళ్లలో విషం లేదు. మొప్పల మూతల మీద, వీపు మీది మొదటి రెక్కలో గట్టి ముళ్లు ఉంటాయి, గుచ్చుకుంటే నెత్తురు వస్తుంది, అంతే. మన ఊళ్లో జెల్లను పట్టుకున్నంత జాగ్రత్త చాలు. తడి గుడ్డ చేతిలో వేసుకుని, తల వైపు నుంచి తోక వైపుకు నిమురుతూ పట్టుకుంటే రెక్క ముడుచుకుంటుంది.

అయితే దివిసీమ తమ్ముడూ, మీరు వెతుకుతున్న ఇసుకలోనే ఇంకొక చేప ఉంటుంది. దాని పేరు వీవర్. జానెడు కూడా ఉండదు, ఇసుక రంగు, కళ్లు తల పైన, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. వీపు మీద మొదటి రెక్క నల్లగా ఉంటుంది. ఆ నలుపు కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు. ఆ రెక్క ముళ్లలోనూ మొప్పల దగ్గరి ముల్లులోనూ విషం ఉంటుంది. చిన్న రబ్బరు పురుగులను అది కూడా ఆశగా మింగుతుంది. పొడవాటి పట్టకారుతో గాలం వదిలించి నీళ్లలో వేయండి. కొత్తవాళ్లు చిన్న గర్నార్డ్ అనుకుని పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. పెద్ద మనిషి, నొప్పికి కన్నీళ్లు పెట్టుకుని వచ్చారు.

ఒకవేళ గుచ్చుకుంటే వేడి నీళ్లు. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి, కనీసం అరగంట ముంచి ఉంచాలి, చల్లారితే మార్చుకోవాలి. వేడికి ఆ విషం చెడిపోతుంది. ఐసు పెట్టవద్దు. ఊపిరి అందకపోయినా, పెదవులు వాచినా వెంటనే 999కి ఫోను చేయాలి. టీ కోసం ఫ్లాస్కు తీసుకువెళ్లేవారు వేడి నీళ్లకు ఇంకొక ఫ్లాస్కు తీసుకువెళ్లండి. మా కారులో ఎప్పుడూ ఉంటుంది. నొప్పిలో ఉన్న చేతికి నీళ్ల వేడి సరిగా తెలియదు కాబట్టి, పక్కవాళ్ల చేత్తో చూసి ముంచండి.

ఇంకొక మాట. చెసిల్ వాలు నిటారుగా ఉంటుంది, కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది రాళ్లను కూడా లాక్కుపోతుంది. నైరుతి గాలి కొట్టే రోజు అక్కడికి వెళ్లనే వద్దు. నీళ్లలో పడిన చేపను అందుకోవడానికి కెరటం అంచుకు దిగవద్దు. చేప మళ్లీ దొరుకుతుంది.

అర్గైల్ తీరం:

భీమిలి గారి మాటలో చాలా భాగం నేనూ ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో తప్ప. జారే గుండు, పూస, ఇదంతా లేకుండానే పని జరుగుతుంది. స్కాట్లండ్ పడమటి తీరంలో సముద్రం భూమిలోకి చొచ్చుకువచ్చిన పాయల ఒడ్డున నేను 15 గ్రాముల లోహపు జిగ్‌తోనే బూడిద గర్నార్డ్‌లు పడతాను. జిగ్‌ను అడుగుకు దించి, మణికట్టుతో రెండు చిన్న కుదుపులు ఇచ్చి, మళ్లీ అడుగున పడనివ్వాలి. అది పడినప్పుడు రేగే దుమ్మే వాటిని పిలుస్తుంది. అక్కడ నీరు తక్కువగా పారుతుంది కాబట్టి ఆ బరువు సరిపోతుంది, చెసిల్‌లో ఆయన చెప్పినట్టు పెంచవలసిందే.

ఏది పడిందో తెలుసుకోవడానికి రంగును నమ్మవద్దు, బూడిద గర్నార్డ్ కూడా ఒక్కోసారి ఎర్రగా ఉంటుంది. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా పోయే గీతను వేలితో తడమండి. నున్నగా ఉండి, రెక్క అంచు నీలంగా ఉంటే టబ్ గర్నార్డ్, మీరు ఆ రోజు చూసినది అదే. గీత మీద పెద్ద పలకలు నిలువుగా పేర్చినట్టుంటే ఎర్ర గర్నార్డ్. గరుకుగా ముళ్లు తగిలితే బూడిదది. మూడింటిలో టబ్ చాలా పెద్దది అవుతుంది. 1976లో వేల్స్‌లోని లాంగ్లండ్ బే ఒడ్డున పన్నెండు పౌండ్లు దాటినది పడింది.

వండుకునే ఉద్దేశం ఉంటే రెండు చాలు. తల పెద్దది, తోక సన్నం, కండ తక్కువగానే వస్తుంది, కానీ గట్టిగా, తెల్లగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడి జాలరులు దీన్ని పీతల బుట్టలో ఎరగా వేసేవారు. ఫ్రాన్సులో మార్సెయ్ వాళ్లు మాత్రం తమ పేరుపొందిన చేపల పులుసులో ఎప్పటి నుంచో వేస్తున్నారు. నేను తల, ఎముకలు మరిగించి వడకట్టి, ఆ నీళ్లతోనే చింతపండు పులుసు పెడతాను. ముక్కలు చివర వేసి అయిదు నిమిషాలకు దించేస్తాను, ఎక్కువ ఉడికితే పీచు కడుతుంది. కొవ్వు తక్కువ చేప కాబట్టి వేపుడుకు నూనె ధారాళంగా ఉండాలి.

దివిసీమ కాలువ:

అన్నయ్యా, అక్కా, అర్గైల్ గారూ, మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. పడింది. వివరంగా చెబుతాను.

మొన్న శనివారం ఆబట్స్‌బరీ వైపు వెళ్లాను. రెండు రోజులుగా గాలి లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. రాడ్ కొత్తది, 20 గ్రాముల గుండు. మొదటి రెండు గంటలూ చేప మాట మరిచిపోయి వేలి మీదే మనసు పెట్టాను. మొదట ఏమీ తెలియలేదు. పదిహేనో విసురుకు కాబోలు, దారం ఒక్క క్షణం తేలికైంది. మేనమామ గారు చెప్పిన క్షణం అదే అని అర్థమైంది. అక్కడి నుంచి లెక్క కుదిరింది. ఇరవై ఆరుకు అడుగు. ఈడిస్తే ముందు మెత్తగా, సగం దూరం వచ్చాక కటకట. అందుకని ఆ అంచు దాటి బయటే ఆగుతూ వచ్చాను.

పదిన్నరకు టిక్, టిక్. చెయ్యి లాగబోయింది, ఆపుకున్నాను. బరువు తెలిసింది. ఎర్ర గర్నార్డ్, కొలిస్తే 27 సెంటీమీటర్లు. గీత మీద పలకలు ఉన్నాయి, అర్గైల్ గారూ, తడిమి చూశాను. తడి గుడ్డలో పట్టుకుని నాన్నకు వీడియో ఫోను చేశాను. అక్కడ మధ్యాహ్నం మూడు. నాన్నకు చూపు సరిగా ఆనదు, ఫోనులో రంగులు ఏమీ తెలియలేదు, కానీ ఆ గునుగుడు విన్నాడు. గొరకలా అరుస్తోందిరా, అది ఏ చేపరా అని అడిగాడు. మా తీరంలో పడే గొరక కూడా అలాగే అరుస్తుంది కదా. మళ్లీ వినిపించమన్నాడు. చేప నీళ్ల కోసం కొట్టుకుంటోందని ఫోను పక్కన పెట్టి వదిలేశాను. నాన్న ఇంకా లైనులోనే ఉన్నాడు, వెళ్లిందా అని అడిగాడు. వెళ్లిందని చెప్పాను.

తరువాత వీవర్ ఒకటి వచ్చింది. నల్ల రెక్క చూసి ఆగిపోయాను. అక్క రాసింది చదవకపోయి ఉంటే చేత్తో పట్టుకునేవాణ్ణే.

ఒక సందేహం. పగలు జనం ఎక్కువ. రాత్రి పూట వెళితే పడతాయా? వచ్చే వారం పౌర్ణమి, పెద్ద పోటు ఉంది.

భీమిలి ఒడ్డు:

చాలా సంతోషం తమ్ముడూ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

రాత్రి వద్దు. నాకు ఇన్నేళ్లలో చీకట్లో ల్యూర్‌కు పడినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఈ చేప వెలుతురులో కళ్లతో కూడా వెతుకుతుంది. పైగా చీకట్లో ఒంటరిగా ఆ వాలు మీద నిలబడడం నాకు ఇష్టం లేదు. జనం లేకుండా కావాలంటే తెల్లవారుతూనే చేరుకో. పౌర్ణమి పోటుకు నీరు పక్కకు గట్టిగా పారుతుంది, 20 గ్రాములు నిలవవు. అష్టమి దాకా ఆగు, అప్పటి చిన్న పోటుకు అదే గుండు సరిపోతుంది. గాలి తూర్పు నుంచి ఉందో లేదో ముందు రోజు రాత్రి చూసుకో. అటు నుంచి ఉంటే చెసిల్ చదునుగా పడుకుని ఉంటుంది. ఇరవై ఆరు లెక్క దగ్గరికే మళ్లీ విసురు, ఆ అంచు ఎక్కడికీ పోదు. ఈసారి నాన్నగారికి ముందే ఫోను చేసి ఉంచు.